లెక్కకు తాళము



లెక్క వ్రాయువాడు, లెక్క చూచువాడు, లెక్క ప్రకారము చెల్లించువాడు అని లోకములో మూడు తెగలవారు ఎల్లప్పుడును కలరు. వీరిలో మొదటివాడు తన లెక్కకు తాళము వేయవచ్చునా, వేసినచో తాళపుచెవి ఎవరియొద్ద ఉండవలెను అనునదే ఈనాటి నా ప్రసంగములోని ప్రశ్న. ప్రశ్న మిక్కిలి పాతది. దాని నేటి రూపము మాత్రము నలువది యేండ్లకు లోపలిది.

మాది పుల్లలచెరువు. నల్లమల అంచున, మార్కాపురపు పలకల గనులకు ఎగువను ఉన్న మెట్టప్రాంతము. ఫిబ్రవరి మాసము వచ్చినదనిన మా మండలములోని ఉపాధ్యాయులకు ఒక పని వచ్చి పడును. సంవత్సరాదాయమును కూడి, మినహాయింపులను తీసి, పన్ను కట్టి, ఆ నెల జీతపు బిల్లుతో ఆ కాగితములను ఒప్పగింపవలెను. వెనుక ఇది కాగితముపై చేతితో చేయు పని. ఇప్పుడు ఎక్సెల్ అను లెక్కలపట్టికలో ఎవరో ఒక తెలుగు ఉపాధ్యాయుడు కూర్చిన ఫైలు ఫోనునుండి ఫోనునకు ప్రయాణము చేసి మా పాఠశాలలను చేరును. పేరు, మూలవేతనము, కరువుభత్యము మొదలగునవి నింపి ఒక మీట నొక్కినచో పూర్తియైన పత్రములు బయటికి వచ్చును. వేతన సవరణ సంఘముల కాలములోను ఇట్లే జరిగెను. 2015లో 43 శాతము, 2022లో 23 శాతము ఫిట్‌మెంటుతో ఆంధ్రప్రదేశములో వేతనములు మారినప్పుడు, క్రొత్త జీతమును స్థిరపరచుటకు వేలకొలది ఉపాధ్యాయులు ఇట్టి ఫైళ్లనే శరణు జొచ్చిరి.

వీనిని కూర్చినవారు పెద్ద కంపెనీల ఉద్యోగులు కారు. పగలు బడిలో పాఠము చెప్పి, రాత్రులు తమంతట తాము నేర్చుకొని, తోటివారికి ఉచితముగా పంచిపెట్టిన మహనీయులు. అయినను అట్టి ఫైళ్లలో పెక్కింటికి తాళము ఉండును. మీట నొక్కినప్పుడు లోపల జరుగు పనిని ఆజ్ఞలరూపమున వ్రాసిన చిట్టాను మాక్రో అందురు. ఆ ఆజ్ఞల మూలపాఠమును చూడబోయినచో యంత్రము పాస్‌వర్డు అడుగును. అది వ్రాసినవానికి తప్ప ఇతరులకు తెలియదు. మనము ఫలితమును పుచ్చుకొందుము. ఫలితము ఎట్లు వచ్చెనో మనకు అగపడదు.

లెక్కకు ముద్ర వేయుట మనకు క్రొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము రెండవ అధికరణములో అక్షపటలము అనబడు లెక్కల కార్యాలయమును గూర్చి ఒక అధ్యాయము కలదు. గణకులందరును ఆషాఢమాసమున తమ పుస్తకములను, నిల్వ ధనమును ముద్రలతో తీసికొని రావలెననియు, వచ్చినవారు ఒకరితోనొకరు మాటలాడుకొనకుండ కట్టడి చేయవలెననియు అందు విధింపబడినది. ఈ నియమములోని సూక్ష్మమును గమనింపుడు. ముద్ర వేయుట దారిలో ఎవరును అంకెలు దిద్దకుండుటకు. పరీక్షించు అధికారి యెదుట ఆ ముద్ర విడివడవలసినదే. ముద్ర చెదరినదా లేదా అని చూచుట పరీక్షలో మొదటి మెట్టు. లోపలి లెక్కను చదువుట రెండవ మెట్టు. చదువుటకు వీలులేని ముద్రను ఆ శాస్త్రకారుడు ఊహింపనేలేదు.

మన తామ్రశాసనములను చూడుడు. వేంగీ చాళుక్యుల రేకులను ఒక కడియమునకు గ్రుచ్చి, ఆ కడియముపై వరాహలాంఛనమును, శ్రీ త్రిభువనాంకుశ అను బిరుదును గల ముద్రను బిగించెడివారు. రేకును మార్చి వేరొక రేకును చొప్పింపవలెనన్న కడియమును కోయవలెను, కోసినచో తెలిసిపోవును. అయినను రేకులపైనున్న వ్రాతను ఎవరైనను చదువుకొనవచ్చును. మాకు దూరముకాని త్రిపురాంతకములోని దేవాలయమున కాకతీయులనాటి శాసనములు కలవు. దానమిచ్చిన భూమి, దాని యెల్లలు, ఇచ్చినవాని పేరు వచ్చి పోవు భక్తులందరి కన్నులయెదుట రాతిమీద నిలుచుటయే శాసనములకు బలము. చెరుపువానికి శాపము తగులునని చివర వ్రాయుట ఆనాటి ఆచారము. చదువువానికి శాపము పెట్టిన శాసనమును నేను ఎరుగను.

అయితే చదువనీయని లెక్కలు మన దేశములో లేకపోలేదు. అవి గ్రామకరణముల లెక్కలు.

1800లో నిజాము ఇంగ్లీషు కంపెనీకి వదలుకొనిన దత్తమండలములలో కంభము, మార్కాపురము ప్రాంతములును చేరియుండెను. 1807 వరకు థామస్ మన్రో వానికి ప్రధాన కలెక్టరుగా ఉండెను. పొలము పొలమునకు కొలతవేసి శిస్తు కట్టవలెనని ఆయన పూనినప్పుడు ఆధారపడవలసినది గ్రామకరణములపైననే. ఏ పొలము ఎవరిది, ఎంత పండును, ఎంత చెల్లును అను సంగతులు వారి కవిలెలలోనే ఉండెను. ఆ దినములలోనే కర్నలు కాలిన్ మెకంజీ తన సహాయకులగు కావలి సోదరుల మూలమున ఊరూరి కైఫీయతులను వ్రాయించెను. వానికి ముఖ్యాధారమగు దండకవిలెలును కరణముల యిండ్లనుండి వచ్చినవే.

కరణము లెక్కకు ఇనుప తాళము అక్కరలేదు. గొలుసుకట్టు వ్రాతయే దానికి తాళము. అక్షరమునుండి అక్షరమునకు కలము ఎత్తక సాగు ఆ వ్రాతను బడిలో చదివినవాడును కూడదీసికొని చదువజాలడు. దానికితోడు వీసము, పరక, కాలు, ముక్కాలు అను భిన్నములకు వేరువేరు గుర్తులు. నాలుగింట భాగించు ఆ గణితము వంశములో తండ్రినుండి కొడుకునకు దిగెడిది. కావలెనని దాచుటకు ఆ వ్రాత పుట్టలేదు. త్వరగా వ్రాయుటకు పుట్టినది. కాని ఇతరులు చదువలేకపోవుటవలన కలుగు లాభము దానికి వెంటనే వచ్చి చేరినది. రైతు తన పొలము లెక్కను తాను చదువలేక కరణము నోటిమాటను నమ్మవలసినవాడయ్యెను. 2008లో యూనికోడు ప్రమాణము తన 5.1 సంస్కరణములో ఈ తెలుగు భిన్నాంకములకు కొన్ని స్థానములను కేటాయించినది. నేడు ఆ గుర్తులు కంప్యూటరులో కలవు గాని, వానిని చదువగల పెద్దలు ఊరికి ఒకరైనను దొరకుట అరుదు.

1984 జనవరి 6వ తేదీన ఎన్. టి. రామారావుగారి ప్రభుత్వము ఒక ఆర్డినెన్సు ద్వారా గ్రామాధికారుల ఉద్యోగములను రద్దుచేసెను. 1985లో సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. ఆ మార్పు మంచిదా చెడ్డదా అను తగవులోనికి నేను దిగను. ఒక్క సంగతి మాత్రము చెప్పవలసియున్నది. ఒక మనిషిని ఉద్యోగమునుండి తీసివేయుట ఒక్క సంతకముతో జరుగును. ఆ మనిషి మాత్రమే చదువగల లెక్కను క్రొత్తవాని చేతికి ఇచ్చుట అంత సులభముగా జరుగదు. పుస్తకము చేతులు మారినను, పుస్తకమును చదువు విద్య చేతులు మారవలెను గదా.

ఇక నేటి పట్టికల చరిత్రకు వత్తము. 1979లో అమెరికాలో డేనియల్ బ్రిక్లిన్, రాబర్ట్ ఫ్రాంక్‌స్టన్ అనువారు ఆపిల్ యంత్రమునకు విజికాల్క్ అను పేర మొదటి లెక్కలపట్టికను విడుదల చేసిరి. ఒక గడిలోని అంకె మార్చినచో దానిపై ఆధారపడిన గడులన్నియు తమంతట తాము మారును. 1983లో లోటస్ 1-2-3 వచ్చి, వరుసగా నొక్కవలసిన మీటలను ఒకచోట వ్రాసి ఒక్కసారిగా నడిపించు మాక్రోలను వ్యాపారస్థులకు అలవాటు చేసెను. 1985లో మైక్రోసాఫ్టు ఎక్సెల్ పుట్టెను. 1993లో వచ్చిన ఎక్సెల్ 5 లో విజువల్ బేసిక్ ఫర్ అప్లికేషన్స్ అను పూర్తి భాష చేరెను. ఎక్సెల్ 97 తో ఆ భాషకు ప్రత్యేకమైన సంపాదకయంత్రము వచ్చెను. మూలపాఠమును చూడకుండ పాస్‌వర్డు పెట్టు సౌకర్యము ఆ యంత్రములోనిదే. అప్పటినుండి లెక్క వ్రాయువాడు మరల తన వ్రాతను మూసిపెట్టగలవాడయ్యెను.

ఆ తాళము ఎట్టిదో వివరించుట అవసరము. మాక్రో పాఠము ఫైలులో కుదించి పెట్టబడును గాని గుప్తలిపిలోనికి మార్చబడదు. దాని ప్రక్కన పాస్‌వర్డునకు సంబంధించిన ఒక పంక్తి ఉండును. సంపాదకయంత్రము ఆ పంక్తిని చూచి, తలుపువద్ద కావలివానివలె మనలను ఆపును. కావలివానిని అడుగక ఫైలును నేరుగా చదువు పనిముట్టునకు లోపలి పాఠము యథాతథముగా కనబడును. వైరసులను వెదకు యంత్రములు చేయునది ఇదే. ఈ ఫైళ్ల నిర్మాణమును మైక్రోసాఫ్టు సంస్థయే వివరముగా ప్రకటించియున్నది. కనుక ఇది గడియలేని తలుపుమీద అంటించిన ప్రవేశము లేదు అను ప్రకటన వంటిది. మర్యాదస్థుడు ఆగును, తెలిసిన దొంగ ఆగడు.

పట్టికలోని గడులను దిద్దకుండ పెట్టు రక్షణయు దృఢమైనది కాదు. పాత ఎక్సెల్ ఫైళ్లలో ఆ పాస్‌వర్డు 16 బిట్ల చిన్న సంఖ్యగా నిలువ ఉండెడిది. అట్టి సంఖ్యలు 65,536 కంటె ఎక్కువ ఉండనేరవు. కావున అసలు పాస్‌వర్డు కాకపోయినను అదే సంఖ్య నిచ్చు మరియొక మాటకు ఆ తాళము వచ్చుచుండెను. 2013 నాటి ఎక్సెల్ ఈ లోపమును చాలవరకు సవరించినను, గడులలోని అంకెలు మాత్రము అప్పుడును గుప్తము కావు.

ఫైలును తెరచుటకే పాస్‌వర్డు పెట్టు పద్ధతి వేరు. 2007 మొదలు అది ఏ.ఈ.ఎస్. అను బలమైన గుప్తలిపితో ఫైలునంతయు మార్చివేయును. పాస్‌వర్డు మంచిదైనచో అది నిజమైన తాళము. కాని పదిమందికి పంచదలచిన ఫైలునకు అది పనికిరాదు. అందరికిని తాళపుచెవి ఇయ్యవలసివచ్చును. ఇందులోనే అసలు చిక్కు కలదు. నా యంత్రము నడుపవలెనన్న నా యంత్రము ఆ ఆజ్ఞలను చదువవలెను. నా యంత్రము చదువగలిగినదానిని నానుండి శాశ్వతముగా దాచుట అసాధ్యము. 1883లో ఆగస్ట్ కెర్క్‌హాఫ్స్ అను పండితుడు ఒక ఫ్రెంచి సైనికపత్రికలో గుప్తలిపులను గూర్చి వ్రాయుచు, పద్ధతి శత్రువు చేత చిక్కినను చెరుపు కలుగరాదు, రహస్యమంతయు తాళపుచెవిలోనే ఉండవలెను అని సూత్రీకరించెను. ఆ కొలతతో చూచినచో మాక్రోకు వేయు తాళము తాళమే కాదు.

దొంగను ఆపలేని తాళము ఎవరిని ఆపును? నాబోటి సామాన్యుని ఆపును. లెక్క సరియా కాదా అని చూడగోరిన పంతులును, గుమాస్తాను, ప్రధానోపాధ్యాయుని ఆపును. ఇందులో నష్టమెంతయో ఒక ఉదాహరణము చెప్పెదను.

2025-26 ఆర్థిక సంవత్సరములో క్రొత్త విధానము క్రింద పన్ను పడదగిన ఆదాయము 12 లక్షలు దాటనిచో రిబేటు వలన పన్ను లేదు. ఒక ప్రధానోపాధ్యాయునకు 75,000 రూపాయల ప్రామాణిక మినహాయింపు పోగా 12,10,000 రూపాయల ఆదాయము తేలినదనుకొందము. మొదటి 4 లక్షలపై పన్ను లేదు. తరువాతి 4 లక్షలపై 5 శాతము చొప్పున 20,000. ఆ పై 4 లక్షలపై 10 శాతము చొప్పున 40,000. మిగిలిన 10,000పై 15 శాతము చొప్పున 1,500. మొత్తము 61,500 రూపాయలు. కాని పదివేలు ఎక్కువ సంపాదించినందుకు అరువదివేలు కట్టుట అన్యాయమని తలచి చట్టము ఒక ఉపశమనము నిచ్చినది. 12 లక్షలకు మించినది ఎంతయో పన్ను అంతకు మించరాదు. కావున ఆయన చెల్లింపవలసినది 10,000 మాత్రమే. దానిపై 4 శాతము సెస్సు. ఫైలు కూర్చినవాడు ఈ ఒక్క నిబంధనను మరచెనా, 51,500 రూపాయల పొరపాటు చక్కని అచ్చులో, చుట్టును గీతలతో బయటికి వచ్చును. మూలపాఠము తెరచియుండినచో గణితము తెలిసిన పంతులు పది నిమిషములలో పట్టుకొనును. మూసియుండినచో ఫలితమును చేతితో మరల కట్టిచూచు ఓపిక గలవానికే తెలియును. అధికముగా పోయిన ధనమును రిటర్ను దాఖలుచేసి తిరిగి పొందవచ్చును, నిజమే. తక్కువ పట్టిన యెడల మాత్రము జీతమిచ్చు అధికారియే జవాబు చెప్పుకొనవలసియుండును. ఫైలు అట్లు చెప్పినది అను సమాధానము పన్నుల శాఖవారియెదుట చెల్లదు.

ఇంకొక చిక్కు కలదు. పన్ను నిబంధనలు ఏటేట మారును. 2020లో రెండు విధానములు వచ్చినవి. 2023లో క్రొత్తది సహజవిధానమైనది. 2025లో శ్లాబులు మరల మారినవి. నిరుటి ఫైలు ఈయేటికి చెల్లదు. కూర్చినవాడు బదిలీయై, పదవీవిరమణ చేసి, లేక కాలధర్మము చెంది తాళపుచెవి పోయినచో, అతని శ్రమ అంతయు అతనితోనే పోవును. మా ప్రాంతపు ఒక కార్యాలయములో ఇట్టి ఫైలొకటి అనాథయై పడియుండుటను నేను చూచితిని. దానిని దిద్దుటకు వీలుపడక, అందరును దాని ఫలితములను తీసికొని వేరొక కాగితముపై తప్పులను సవరించుకొనుచుండిరి. మార్కాపురపు పలకపై వ్రాత తప్పైనచో తుడిచి వ్రాయవచ్చును. ఆ పలకకు ఆ భాగ్యము లేదు.

భద్రత మాటయు ఆలోచింపవలెను. మాక్రో కూడికలు మాత్రమే చేయునది కాదు. ఫైళ్లను చెరుపగలదు, ఉత్తరములను పంపగలదు. 1995లో కాన్సెప్ట్, 1996లో ఎక్సెల్‌కు లరూ, 1999 మార్చిలో మెలిస్సా అను మాక్రో వైరసులు లోకమును కలతపెట్టినవి. 2022లో మైక్రోసాఫ్టు సంస్థ ఇంటర్నెట్టునుండి వచ్చిన ఫైళ్లలో మాక్రోలను మొదటనే ఆపివేయు ఏర్పాటు చేసెను. అయినను ఫైలు పంపినవారు మాక్రోలను అనుమతింపుడని సూచించినచో మనము అనుమతించుచునే యున్నాము. లోపలనున్నది చదువనీయని చేతికి ఇంటి తలుపు తీసి ఇచ్చుచున్నాము.

కూర్చినవాని పక్షమును విడిచిపెట్టుట న్యాయము కాదు. అతని భయములు రెండు. ఎవరో తన పేరును తుడిచి తమ పేరును పెట్టుకొందురని ఒకటి. తెలియనివాడు వేలు పెట్టి సూత్రమును చెరచి, తప్పు వచ్చినప్పుడు తననే నిందించునని రెండవది. రెండును నిజమైన భయములే. రాత్రులు మేలుకొని చేసిన పనికి కూలి అడుగనివాడు పేరైనను మిగులవలెనని కోరుటలో తప్పేమి?

ఈ రెంటికిని తాళముకంటె మంచి మందు కలదు. మన గ్రంథస్వామ్య చట్టము 1957 నాటిది. 1984, 1994 సంవత్సరముల సవరణలవలన కంప్యూటరు ప్రోగ్రాములును అందు సాహిత్యకృతులలో లెక్కింపబడుచున్నవి. తెరచియుంచినంతమాత్రమున కర్తృత్వము పోదు. పద్యమును అచ్చువేసిన కవి హక్కు పోయినదా? ఇక చెరచువాని విషయము. 2000 నాటి ఆఫీసు సంపుటినుండి మాక్రోలకు డిజిటల్ సంతకము పెట్టు వీలు కలదు. సంతకమైన పిమ్మట ఒక్క అక్షరము మార్చినను ఆ సంతకము చెల్లదు. ఇది చాళుక్యుల కడియపు ముద్ర వంటిది: ఎవరు వ్రాసిరో, మారినదో లేదో చెప్పును, చదువుటకు అడ్డుపడదు. పొరపాటున వేలు తగిలి సూత్రము చెరుగకుండ గడులకు రక్షణ పెట్టుట మంచిదే. అది పసిబిడ్డలున్న యింటిలో పొయ్యికి అడ్డుకట్ట వంటిది. దానిని ఎవరును కాదనరు.

కావున లెక్కలపట్టికలు కూర్చు మిత్రులకు నా మనవి యిది. మీ పేరును సంతకముతో నిలుపుడు. మూలపాఠమును తెరచియుంచుడు, ఏ నిబంధన ఏ పంక్తిలో ఉన్నదో తెలుగులో రెండు మాటలు వ్రాయుడు. తాళము తప్పనిసరి యైనచో తాళపుచెవిని కవరులో పెట్టి, ముద్రవేసి, నమ్మదగిన రెండవవానియొద్ద ఉంచుడు. ఫైలును వాడు మిత్రులకు మరియొక మనవి. యంత్రము తేల్చిన మొత్తమును ఏడాదికొకసారి యైనను ఒక తెల్లకాగితముపై మీ చేతితో కట్టి చూడుడు. వీసము, పరక ఎరుగని రైతు కరణమును నమ్మక తప్పలేదు. కూడిక, తీసివేత ఎరిగిన మనకు ఆ నిర్బంధము లేదు.